ఈటెకును విషమునకును ఒకే శిక్షయా?

అడవి చట్టముల భాషలో ఒక చిత్రమైన వాక్యము కలదు. 1882వ సంవత్సరపు మద్రాసు అడవుల చట్టమును, 1927వ సంవత్సరపు భారత అడవుల చట్టమును తెరచి చూచిన, నియమములకు విరుద్ధముగా వేటాడుట, తుపాకి కాల్చుట, చేపలు పట్టుట, నీటిలో విషము కలుపుట, ఉచ్చులు పన్నుట అనునవి యన్నియు ఒకే వరుసలో, ఒకే ఊపిరిలో చెప్పబడియుండుట కనబడును. ఆకలిగొన్న కోయవాడు మోకాటిలోతు నీటిలో నిలిచి ఈటెతో ఒక చేపను పొడుచుటయు, పేరాశగల దుండగుడు మడుగులో విషము పోసి పెద్ద చేపతోపాటు దాని పిల్లను, గ్రుడ్డును, ఆ నీరు త్రాగు పసరమును గూడ చంపుటయు, ఆ వాక్యము దృష్టికి ఇరుగుపొరుగు నేరములే. చట్టములు మారినవి, దొరతనములు మారినవి, సరిహద్దులు మారినవి. ఈ దృష్టి మాత్రము మారలేదు. ఖమ్మము భద్రాచలము అడవుల అంచున గోదావరిని, శబరిని, సీలేరును, కిన్నెరసానిని నమ్ముకొని బ్రదుకు కోయలకును, కొండరెడ్లకును దీనివలన కలుగుచున్న కీడును గూర్చియే మేము నేడు వ్రాయుచున్నాము.

ముందుగా ఈటె యన నేమో విచారింతము. పట్టణవాసులమైన మనకు చేప యనగా అంగడిలో తూకమునకు వచ్చు వస్తువు. ఈటె పట్టినవానికి అది నీటిలో కదలు నీడ. నీటి యడుగున నున్న చేప పైనున్న కంటికి తానున్న చోటికంటె కొంత ఎత్తున కనబడును. కావున కనబడిన చోట గురి చూచినవాని ఈటె చేపపైనుండి పోవును. ఎంత క్రిందుగా గురి పెట్టవలెనో తండ్రి కొడుకునకు నేర్పవలయును. వెలుతురుండవలయును, నీరు తేటగా నుండవలయును, చేప చేరువకు రావలయును, చేయి నిలుకడగా నుండవలయును. ఇవి నాలుగును సమకూడిననే ఒక పోటు. ఆ పోటు తగిలిననే ఒక చేప. వల చిన్న పెద్ద యెరుగదు. విషము తల్లి పిల్ల యెరుగదు. మందుగుండు చేపను, కప్పను, పీతను, దాని మేతను గూడ ఎరుగదు. కంటితో చూచి, వలదనుకొన్న దానిని విడిచి, వలసిన దానినే పట్టు సాధనములలో ఈటెయు, విల్లమ్ములును ముఖ్యమైనవి.

ఇంకొక సంగతి. ఆషాఢ శ్రావణములలో గోదావరి ఎఱ్ఱనీరై పారును. బొచ్చె, శీలావతి మొదలగు చేపలు గ్రుడ్లు పెట్టుట ఆ వరద కాలముననే. ఆ నీటిలో జానెడు లోతున నున్నదియు కంటికి కనబడదు. కనుక ఏరు చేపలు పిల్లలుపెట్టు దినములలో ఈటె తనంతట తానే మూల చేరును. ఏ అధికారియు ముద్ర వేయని, ఏ జవానును కావలి యుండని నిషేధమిది. ఇంత చక్కని హద్దును ప్రకృతియే ఏర్పరచిన సాధనమునే మన చట్టము అన్నిటికంటె ముందు అనుమానించుట వింత గాదా?

ఈ అనుమానము ఎచ్చటినుండి పుట్టినదో చరిత్ర చెప్పును. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. దానివలన డెల్టా సస్యశ్యామలమైనదను మాట కాదనువారు లేరు. కాని పుస్తెలమ్మియైనను పులస తినవలెనని తెలుగువారు సామెత చెప్పుకొను ఆ పులస, సముద్రమునుండి ఎదురీదుచు వచ్చి, ఆ గోడకడనే ఆగిపోవలసివచ్చెను. నదుల కడ్డముగా గట్టు ఆనకట్టలవలన చేపలకు హాని కలుగుచున్నదేమోయను ప్రశ్నను 1867లో లేవదీసినవాడు మఱెవ్వరో కాదు, ఆ ఆనకట్టను గట్టిన కాటన్ దొరయే. ఆ ప్రశ్నపై విచారణ జరిపిన వైద్యాధికారి ఫ్రాన్సిస్ డే 1873లో భారతదేశపు మంచినీటి చేపలను గూర్చి పెద్ద నివేదిక సమర్పించెను. అదే 1873లో మద్రాసు సివిలు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ గాలపు వేట వినోదమును గూర్చి 'ది రాడ్ ఇన్ ఇండియా' యను గ్రంథమును ప్రకటించెను. దేశీయులు చిన్న కన్నుల వలలతోను, విషములతోను చేపలను నాశనము చేయుచున్నారని, దానికి శాసనము కావలెనని వాదించినవారిలో ఈ థామస్ ముఖ్యుడు. అంతట 1897లో భారత మత్స్య చట్టము వచ్చెను.

ఆ చట్టమునందలి మంచిని మేము మఱుగుపరుపము. మందుగుండుతో చేపలను చంపుట నేరమని, నీటిని విషపూరితము చేయుట నేరమని అది స్పష్టముగా చెప్పెను. మందుగుండు వాడినవానికి రెండు మాసముల ఖైదు వఱకును, రెండువందల రూపాయల జరిమానా వఱకును విధించెను. ఇది న్యాయము. వలల కన్నుల పరిమాణమును నిర్ణయించుటకును, ఏ నీటిలోనైనను రెండు సంవత్సరములకు మించకుండ చేపలవేట నంతటిని నిషేధించుటకును ప్రభుత్వమునకు అధికారమిచ్చెను. ఇదియు వివేకముతో వాడినచో న్యాయమే. కాని చూడుడు: ప్రశ్న గోడతో మొదలై, శాసనము వలతో ముగిసెను. నది కడ్డముగా నిలిచిన రాతికట్టడము విచారణలో మిగిలిపోయెను. నీటిలో నిలిచిన మనుష్యుడు చట్టములోనికి వచ్చెను. దొరగారి గాలము వినోదమయ్యెను. గిరిజనుని ఈటె అపరాధమయ్యెను. పెద్ద హానిని విడిచి చిన్న చేతిని పట్టుకొను ఈ అలవాటు నాటితో పోలేదు.

ఇక ఈ ప్రాంతమునకు వత్తము. భద్రాచల ప్రాంతమును నిజాము 1860లో ఇంగ్లీషువారి కిచ్చెను. అది కొంతకాలము మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలో చేరెను. నదికి ఆవలియొడ్డుననున్న బూర్గంపాడు, పాల్వంచ సీమ 1948 వఱకు నిజాము ఏలుబడిలోనే యుండెను. 1953లో వరంగల్లునుండి ఖమ్మము జిల్లా వేరుపడెను. 1959లో భద్రాచలము అందులో చేరెను. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, భద్రాచలము పట్టణము తప్ప దాని చుట్టునున్న పల్లెలును ఆంధ్రప్రదేశములో చేర్చబడెను. కోయవాని తాతయు, తండ్రియు, తానును ఒకే గుడిసెయందు బ్రదికి ఎన్ని దొరతనముల ప్రజలైరో లెక్కించుడు! చేప ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు ఈదుటకు అరగడియ పట్టదు. దానిని వెంబడించినవాడు మాత్రము ఒక రాష్ట్రపు చట్టమునుండి మఱొక రాష్ట్రపు చట్టములోనికి పోవుచున్నాడు.

ఈ నేల అడవి నిబంధనల చేదును రుచిచూచినదే. 1879 నాటి రంప పితూరికి కల్లుపై పన్నును, ముఠాదారుల దౌర్జన్యమును కారణములైనట్లు, 1922 నుండి 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమునకు పోడుపై ఆంక్షలును, వెట్టి కూలియు కారణములైనవి. ఆస్ట్రియా దేశీయుడైన ఫ్యూరర్ హైమెండార్ఫ్ పండితుడు నిజాము సీమలోని కొండరెడ్ల నడుమ నివసించి 1945లో ప్రకటించిన గ్రంథములో, కలప వర్తకుల అప్పులలో చిక్కి ఆ జాతి ఎట్లు నలిగిపోవుచుండెనో వర్ణించెను. అడవి పోయినవానికి, పోడు పోయినవానికి, కలప కూలిలో మోసపోయినవానికి చివరకు మిగిలినది యేరు. ఆ యేటిపైనను నేడు చట్టపు నీడ పడినది.

ఆ నీడ 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము. దాని యుద్దేశమును మేము గౌరవింతుము. పులి బ్రదుకవలెను, అడవిదున్న బ్రదుకవలెను, మొసలియు బ్రదుకవలెను. కాని ఆ చట్టము ఆయుధమన నేమని నిర్వచించినదో చదువుడు: మందుగుండు, తుపాకి, విషము అనువాని సరసనే విల్లు, బాణము, గాలము, కత్తి, వల యని పేర్కొని, జంతువునకు గాయము చేయగల ఏ సాధనమైనను ఆయుధమే యని ముగించినది. అభయారణ్యములోనికి ఆయుధముతో ప్రవేశింపవలెనన్న రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని వ్రాతమూలకమైన అనుమతి ముందుగా పొందవలెనట! 1977లో పాల్వంచ చెంత కిన్నెరసాని అభయారణ్యము 635 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడెను. 1978లో అభయారణ్యమైన పాపికొండలు 2008లో జాతీయోద్యానమయ్యెను; దాని విస్తీర్ణము వేయి చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఈ హద్దులలోపల పల్లెలున్నవి, వాగులున్నవి, వాగులలో చేపలున్నవి. ఇంటి చూరున ఈటెయు, విల్లును ఉన్నవాడు తన యింటినుండి తన వాగునకు పోవుటకు రాజధానిలోని అధికారి సంతకము తేవలయునా? గాలపు కొక్కెము జేబులోనున్న పిల్లవాడు ఆయుధధారియా? పిచ్చుకపై బ్రహ్మాస్త్రమని పెద్దలు చెప్పిన మాట ఇంతకంటె ఎచ్చట వర్తించును?

'చట్టము అందరికి సమానము. ఒకరికి మినహాయింపు ఇచ్చిన అందరును అడుగుదురు' అని కొందరు పెద్దమనుష్యులు మాకు బుద్ధి చెప్పుదురు. అయ్యా, మినహాయింపు లీ చట్టమునకు క్రొత్త కాదు. ఇదే 1972వ సంవత్సరపు చట్టము నికోబారు దీవుల గిరిజనుల వేట హక్కులను తాకనని తన నోటితోనే చెప్పినది. సముద్రజలములను అభయారణ్యములో చేర్చునపుడు స్థానిక మత్స్యకారుల వృత్తికి భంగము లేకుండ తగిన ఏర్పాట్లు చేయవలెనని ఇదే చట్టము చెప్పినది. తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు సముద్రవేట నిషేధింపబడుచున్నది. అందును యంత్రములేని నాటుపడవలకు మినహాయింపున్నది. ఆ నిషేధకాలములో వేట మానిన కుటుంబములకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో 10,000 రూపాయల భృతి నిచ్చెను. 2025లో దానిని 20,000 రూపాయలు చేసెను. ఇది మంచి పని. సముద్రతీరమున యంత్రమునకును, తెడ్డునకును భేదము చూడగల చట్టము, గోదావరి తీరమున ఈటెకును, విషమునకును భేదము చూడలేదా? నిషేధమునకు వెల కట్టి యిచ్చు న్యాయము కడలియొద్దనే ఆగిపోవలెనా?

వినోదపు వేటను గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. నేడు పరదేశములలోను, మన సముద్రతీరములందును ముఖమునకు గాజు తొడుగు, కాళ్లకు రబ్బరు రెక్కలు తగిలించుకొని, రబ్బరు పట్టీతో విడచు ఈటె తుపాకి పట్టి నీట మునిగి చేపలను వేటాడు ఆట వ్యాపించుచున్నది. దానికి నిబంధన వలదనము; కావలెననియే మా వాదము. ఫ్రాన్సు, ఇటలీ దేశములలో గాలిబుడ్డి తగిలించుకొని ఈటె వేటాడుట నిషిద్ధము. రాత్రివేళ వేటయు నిషిద్ధము. ఊపిరి బిగబట్టి, పగటి వెలుతురులో, తన బలముచేతనే పోవలెనని దాని యర్థము. మనిషి ఊపిరియే వేటకు హద్దు. ఇది వివేకవంతమైన నియమము. ఆటకై చేపను చంపువాడు అనుమతిపత్రము పొందవలయును, లెక్క చెప్పవలయును, కాలము పాటింపవలయును. చంపుట మానినను వానికి పస్తుండదు. కూటికై చేపను పట్టువాని మాట వేరు. ఈ యిద్దరి చేతిలోను ఈటె యున్నదని ఇద్దరిని ఒక్క త్రాట గట్టుట, వైద్యుని చేతిలోను దొంగ చేతిలోను కత్తి యున్నదని ఇద్దరిని చెరలో వేయుట వంటిది.

ఇట్టి తగవు మనకే కాదు, లోకమునకును క్రొత్త కాదు. అమెరికా దేశపు విస్కాన్సిన్ సీమలో ఒజిబ్వే యను ఆదివాసులు 1837, 1842 సంవత్సరముల సంధులలో తమ భూమిని వదలుకొనుచు, ఆ భూమిపైని వేటకును, చేపలకును తమ హక్కును నిలుపుకొనిరి. తరువాత రాష్ట్రప్రభుత్వము ఆ హక్కును త్రొక్కివేసెను. 1983లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము ఆ సంధి హక్కు నేటికిని సజీవమని తీర్పు చెప్పెను. అంతట ప్రతి వసంతమునను ఒజిబ్వేలు దివ్వెల వెలుగున సరస్సులలో ఈటెతో చేపలు పొడుచుటకు రాగా, గాలపు వినోదులును, వారి పక్షమువారును రేవులలో గుమికూడి దూషించిరి, రాళ్లు రువ్విరి. చేపలు నశించిపోవునని గగ్గోలు పెట్టిరి. 1984లో ఆ జాతులవారు తమ మత్స్యసంఘమును స్థాపించుకొని, రేవునకు వచ్చిన ప్రతి చేపను లెక్కించి వ్రాయుట మొదలిడిరి. 1991లో ఆ జాతులును, రాష్ట్రమును, కేంద్రప్రభుత్వమును కలిసి పరిశోధించి ప్రకటించిన నివేదికలో తేలినదేమి? ఈటె వేటవలన చేపలకు నాశనము కలుగలేదని. గగ్గోలు నిలువలేదు, లెక్క నిలిచినది. ఈటె పట్టినవాడు లెక్కకు భయపడలేదు. అతడే లెక్క వ్రాసెను. ఇది మనకును పాఠము.

ఇచ్చట ప్రతిపక్షులు లేచి, 'గిరిజనులును ఆకు పసరులతో, చెట్టుబెరళ్లతో చేపలకు మత్తు పెట్టుదురు గదా. మీరు దానిని దాచెదరా?' యని యడుగుదురు. దాచము. మత్తుమందుతో మడుగు పట్టు ఆచారము అడవిజాతులలో కలదు. పూర్వము జనము కొలది, మడుగులు మెండు. నేడట్లు గాదు. కావున అది మానవలెననియే మేము చెప్పుదుము; అంగడిలో దొరకు పురుగుమందును ఏటిలో పోయు పాపమును, విద్యుత్తీగను నీట ముంచు పాపమును, ఎవరు చేసినను కఠినముగా శిక్షింపవలెనని చెప్పుదుము. 'నేడు పెద్ద వెలుగుల బ్యాటరీ దీపములు వచ్చినవి. రాత్రి నిద్రించు చేపను పొడుచుట సులభమైనది' యందురు. అదియు నిజమే, ఆ దీపమునకు హద్దు పెట్టుడు. 'కొరమేను తన పిల్లల గుంపును కాచుచుండగా పొడిచిన పిల్లలన్నియు పోవును' అందురు. ఇది అన్నిటికంటె గట్టి మాట. నీటిపై ఎఱ్ఱగా దట్టముగా తిరుగు ఆ పిల్లల క్రింద తల్లిదండ్రులు రెండును కావలి యుండును. అప్పుడు పొడిచిన ఈటె ఒక చేపను గాదు, ఒక సంసారమును కూల్చును. ఆ కాలమున కొరమేనును తాకరాదను నియమము కావలెను. ఎండాకాలమున యేరు చిక్కి చేపలన్నియు లోతు మడుగులు చేరినప్పుడు కొన్ని మడుగులను ముట్టరాదను నియమమును కావలెను.

కాని, ఓ పెద్దలారా, ఈ నియమములు చేయవలసిన దెవ్వరు? ఏ మడుగులో ఏ చేప యే మాసమున నుండునో యెరుగని గదిలో కూర్చుండియా? ఆ వాగు ప్రక్కన పుట్టినవారి సభలోనా? 1996వ సంవత్సరపు పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూలు ప్రాంతములలోని చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగింపవలెనని చెప్పినది. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ఇంకను ముందుకు పోయి, చేపలపైనను, నీటివనరుల ఇతర ఫలములపైనను సాముదాయిక హక్కు కలదని తన మూడవ సెక్షనులోనే పలికినది. అడవి యనగా అభయారణ్యములును, జాతీయోద్యానములును చేరునని నిర్వచించినది. హక్కుతోపాటు వన్యప్రాణులను, నీటిని కాపాడు బాధ్యతను గ్రామసభపై నుంచినది. అనగా చట్టముల గ్రంథములోనే రెండు గొంతులున్నవి. 1972 నాటి గొంతు ఈటెను ఆయుధమనుచున్నది. 2006 నాటి గొంతు చేపను హక్కనుచున్నది. అధికారులకు మొదటి గొంతు బిగ్గరగా వినబడుట, రెండవది వినబడకపోవుట చెవి దోషమా, మనోదోషమా?

ఈ తగవును వట్టి మాటల తగవని యెవ్వరును తలంపకుందురు గాక. దీని వెనుక పోలవరమున్నది. ఆ జలాశయపు పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు. గోదావరి వరద యన నేమో ఈ ప్రాంతమున కెవ్వరును చెప్పనక్కరలేదు. భద్రాచలమున నీటిమట్టము 1986లో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును చేరెను. వరద వచ్చి పోవును. జలాశయము వచ్చి నిలుచును. జలాశయము నిండిననాడు కూనవరమువద్ద శబరి కలియు చోటును, వరరామచంద్రపురము, వేలేరుపాడు, కుక్కునూరు మండలముల పల్లెలు, వాగులు, మడుగులు, ఈటె పోటునకు వీలైన తేటనీటి దరులును ఎన్నియో మునిగిపోవును. పారు నీరు పోయి నిలువ నీరు వచ్చును. ఈటె పోయి పెద్ద వలలు, పెద్ద గుత్తలు వచ్చును. ఆ చేపలెవ్వరివి?

2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము దీనికి జవాబు చెప్పినది. ముంపు ప్రాంతమున నదిపైనను, చెరువుపైనను చేపల హక్కుగల గిరిజనులకు, దళితులకు, ఇతర అడవివాసులకు జలాశయముపై చేపల హక్కు ఈయవలెనని అది శాసించినది. మంచి మాట. కాని పాఠకులారా, 'హక్కుగల' అను ఆ యొక్క పదమును గమనింపుడు. తరతరములుగా చేపలు పట్టినను, కాగితముపై హక్కు లేనివాడు ఏమగును? నిన్నటి వఱకు 'ఈటె నేరము, పో' యని తరిమినవారు, రేపు 'నీకు హక్కే లేదు, జలాశయమున పాలెక్కడిది?' యని యడుగరా? నేడు ఈటెను నేరమనుట రేపు జలాశయమును గుత్తదారునకు ధారపోయుటకు తొలిమెట్టు. ఈటెపై ఆంక్షను చేపపై దయగా చూపువారు ఈ సంగతిని తెలిసియు పలుకరో, తెలియకయే పలుకరో మేమెరుగము, ఫలము మాత్రమొక్కటే.

కావున మా కోరికలు స్పష్టములు. కూటికై చేపలు పట్టు కోయల, కొండరెడ్ల ఈటెయు, విల్లును, గాలమును వారి పల్లెల హద్దులలోని వాగులందు ఆయుధములుగా పరిగణింపబడరాదు. కొరమేను పిల్లల కాలము, విడువవలసిన మడుగులు, రాత్రి దీపముల హద్దు అనువానిని గ్రామసభలు నిర్ణయింపవలెను; మత్స్యశాఖవారు వచ్చి శాస్త్రము చెప్పవచ్చును, శాసనము చెప్పరాదు. గోదావరి యొకటి గనుక తెలంగాణ, ఆంధ్రప్రదేశ ప్రభుత్వములు రెండును కూర్చుండి రెండొడ్డులకును ఒకే నియమము చేయవలెను. విషము, మందుగుండు, విద్యుత్తు వాడువారిపై చట్టము నిజముగా నడువవలెను. వినోదపు వేటకు వేరు అనుమతి, వేరు నియమము ఉండవలెను. అన్నిటికంటె ముందు, జలాశయము నిండకమునుపే, ముంపు పల్లెలన్నిటి చేపల హక్కు కాగితమున కెక్కవలెను.

ఈ చివరి పని ప్రభుత్వముకొఱకు కాచుకొననక్కరలేదు. అటవీహక్కుల చట్టము క్రింద గ్రామసభయే మొదట హక్కును విచారించును. సాముదాయిక హక్కులకై నిర్ణయించిన బి నమూనా దరఖాస్తులో చేపలు, నీటివనరులు అని వేరుగా ఒక గడి కలదు. పత్రములు లేకున్నను ఊరి పెద్దల వాఙ్మూలము వ్రాసియిచ్చిన అదియు సాక్ష్యమేనని నియమావళి చెప్పుచున్నది. ఆ గడి ఖాళీగా పోయినచో, తాతలనాటి బ్రదుకు ఖాళీగా పోయినట్లే.

ఖమ్మమున, కొత్తగూడెమున, భద్రాచలమున గ్రంథాలయములలో కూర్చుండి ఈ పత్రిక చదువు పట్టణవాసులారా! మీరు చదువుకొన్నవారు. చట్టము భాష మీకు తెలియును. ఆ భాషచేతనే అడవివాడు ఓడిపోవుచున్నాడు. సెలవు దినమున పాపికొండలు చూడబోవు మీరు, నావనుండి ఆ కొండల సొగసును మెచ్చుకొను మీరు, ఒక్క దినము ఆ కొండల మనుష్యులతో గడపలేరా? గ్రామసభకు పోయి ఆ గడి పూరించుటకు, పెద్దల మాటను వ్రాసిపెట్టుటకు ఒక్క కలము సాయము చేయలేరా? భద్రాద్రి రాముని సన్నిధికి నావ నడపి తెచ్చిన చేతులలో, చేప వండి పెట్టిన చేతులలో కోయల చేతులును కలవు. ఆ చేతిలోని ఈటె మీకు భయము కలిగింపరాదు. ఆ చేతిలో కాగితము లేకపోవుటయే కలిగింపవలెను. ఈటెను లాగికొనుట సులభము, ఒక్క జవాను చాలును. లాగికొన్న తరువాత ఆ చేతికి ఏమి యిత్తుమో చెప్పగలవారు ముందుకు రావలెను. చెప్పలేనివారు ఆ చేతిని విడువవలెను.